పరామర్శకు చక్కెర దిమ్మ

ఆ మంగళవారం పొద్దున మోహా పెట్టుకున్న పనులు మూడు. ఫోనులో నర్సుకు ఒక మాట చెప్పడం, మొక్కజొన్న మడికి నీళ్ళు కట్టడం, వెండి టీ కూజాను బూడిద పెట్టి తోమడం. ఎండ ముదిరేలోపు అయిపోయే పనులే. మొదటిది చేసి మిగతా రెండింటికీ వెళ్ళలేకపోయాడు.

ఇమిన్‌తాలా కొండపల్లెలో టీ అంటే మోహాయే. పెళ్ళయినా, పురుడయినా, చావయినా టీ పళ్ళెం తెచ్చి ఆయన ముందే పెట్టేవారు. మా వైపు అది వంటింట్లో కానిచ్చే పని కాదు. అందరి ఎదుటా బాసిపట్టు వేసుకుని కూర్చోవాలి. ఆకు కడిగి, పుదీనా దూర్చి, ఇత్తడి సుత్తితో చక్కెర దిమ్మ పగలగొట్టి కూజాలో వెయ్యాలి. కాస్త గ్లాసులోకి వొంపుకుని, రుచి చూసి, తల ఊపాలి. ఆ తల ఊగేదాకా ఎంత పెద్దమనిషయినా గ్లాసు ముట్టడు. చాలా ఏళ్ళుగా ఆ తల మోహాది. అది ఎప్పుడు పక్కకు జరుగుతుందా అని చూస్తున్న తల ఆయన బావమరిది జైద్‌ది.

రంజాన్ అయ్యాక మోహాకు చక్కెర జబ్బు బయటపడింది. దిగువ ఆరోగ్య కేంద్రంలో నర్సు తూదా మందులు ఇచ్చి, తినకూడనివన్నీ వివరంగా చెప్పింది. మోహాకు వినపడింది ఒక్కటే. టీ రుచి చూడకూడదు. రుచి చూడలేనివాడి ముందు పళ్ళెం ఎవరు పెడతారు? పైగా ఈ శుక్రవారం లహ్సెన్ కొడుకు పెళ్ళి. లోయలోని ఊళ్ళన్నీ వస్తాయి. ఆ పెళ్ళిలో పళ్ళెం ఎవరి ముందుంటే ఇక బతికినంతకాలం వాడిదే.

"ఊళ్ళో తెలిస్తే నా పని అయిపోయినట్టే బిడ్డా" అన్నాడు తూదాతో.

"తెలియదు పెద్దాయనా. వారం వారం నువ్వు కొండ దిగనక్కర్లేదు కూడా. పొద్దున్నే వేలు గుచ్చుకుని మీటరు చూసుకో. ఎట్లా ఉందో ఫోనులో నాకు మాటగా పంపు. రెండ్రోజులు నీ కబురు రాకపోతే నేనే కొండెక్కి వస్తా. నన్ను ఎక్కించకు, నా మోకాళ్ళు మంచివి కావు."

"ఫోనులో ఎవరైనా వింటే?"

"అందుకే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రోగి సంగతి రోగికీ, నాకూ, డాక్టరుకూ తప్ప ఇంకో చెవిన పడకూడదు. నువ్వు జబ్బు పేరు పలకొద్దు. నేనూ పలకను. బాగుంటే బాగుందను, లేకపోతే లేదను. చాలు."

తూదా పక్క లోయ పిల్ల. నమాజు ఎంత శ్రద్ధగా చేసేదో ఉత్తర్వులు కూడా అంత శ్రద్ధగా పాటించేది.

మోహాకు అక్షరాలు రావు. ఫోనులో మనుషుల్ని బొమ్మలు చూసి పోల్చుకునేవాడు. కాసాబ్లాంకాలో ఉన్న కూతురుది కోడిపుంజు. జైద్‌ది వాడి గాడిద. తూదాది తెల్లకోటు వేసుకున్న ఆడమనిషి బొమ్మ. అది ఎవరి కంటనైనా పడితే ప్రమాదమని మోహా బతిమాలాడు. రోగి గుట్టు కాపాడటం ఉత్తర్వులో ఉంది కాబట్టి తూదా తన బొమ్మ తీసేసి టీ కూజా బొమ్మ పెట్టుకుంది. మోహా ఫోనులో టీ కూజా ఉంటే ఎవరు అనుమానిస్తారు?

సోమవారం సాయంత్రం లహ్సెన్ ఇంట్లో ఇంకో పని జరిగింది. పెళ్ళి పనుల కోసం ఊరందరినీ కలిపి ఫోనులో వాళ్ళొక గుంపు పెట్టుకున్నారు. అప్పటిదాకా దానికి గులాబీ బొమ్మ ఉండేది. మోహాను గౌరవిద్దామని లహ్సెన్ దాన్ని మార్పించాడు. టీ కూజా బొమ్మ పెట్టించాడు.

మంగళవారం పొద్దున మోహా పెళ్ళాం ఇత్తో ఆయన వేలు గుచ్చింది. మీటరు చూసి ముఖం చిట్లించింది. "రాత్రి తేనె గిన్నె అటక మీద పెట్టా. పిల్లి ఎక్కిందా, నువ్వెక్కావా?" అంది. మోహా జవాబు చెప్పకుండా మిద్దె ఎక్కాడు. ఫోను పైకి తీస్తే టీ కూజా అన్నిటికంటే పైనే కనపడింది. దాన్ని నొక్కి మాట్లాడాడు.

"బిడ్డా, ఇవాళ నిన్నటికంటే అధ్వానంగా ఉంది. కాళ్ళు కూడా తిమ్మిరెక్కుతున్నాయి. నన్ను ఈ శుక్రవారం దాకా నిలబెట్టు, అంతే. ఆ తర్వాత ఏమైతే అదవుతుంది. ఎవ్వరికీ చెప్పకు. ముఖ్యంగా మా బావమరిదికి."

లహ్సెన్ ఇంటి ముంగిట్లో మగవాళ్ళు పెళ్ళికి తెచ్చిన గొర్రెల్ని చూస్తున్నారు. ఆ మాట అందరి జేబుల్లోనూ ఒకేసారి మోగింది. ఒకసారి విన్నారు. మళ్ళీ విన్నారు. గొర్రెల్ని వదిలేశారు.

"బిడ్డా అన్నాడు. కూతురికి పంపబోయి మనకు పంపాడు" అన్నాడు లహ్సెన్.

"జబ్బేంటో చెప్పలేదే" అన్నాడు పక్కింటి బెన్నాసర్.

"చెప్పలేదంటే చెప్పుకోలేనిదన్నమాట."

"గుండె అయ్యుంటుంది."

"గుండె అయితే చెప్తాడు. గుండె జబ్బు చెప్పుకోడానికి సిగ్గేముంది? ఇది అంతకంటే పెద్దది."

జబ్బుకు పేరుంటే ఎవరో ఒకరు మందు చెప్పి ఊరుకునేవారు. పేరు లేకపోవడం వల్ల అది మధ్యాహ్నానికి కాలేయంలోకి, సాయంత్రానికి మెదడులోకి పాకింది. జైద్ గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. "నాకు ముఖ్యంగా చెప్పొద్దన్నాడు. నేను తట్టుకోలేనని" అని ముక్కు చీదాడు.

లహ్సెన్ పెద్దమనిషి కాబట్టి కట్టడి చేశాడు. "మనకు తెలిసిందని మోహాకు తెలియకూడదు. గుంపులో ఎవరూ నోరెత్తకండి. కానీ చూడకుండా ఎట్లా ఉంటాం? ఏదో ఒక పని పెట్టుకుని పోయి చూసి వద్దాం." మోహా లేకుండా ఇంకో గుంపు పెట్టుకున్నారు. చీకటి పడేసరికి ఆ రహస్యాన్ని ఊరు ఊరంతా కాపాడుతోంది.

మా వైపు జబ్బు మనిషిని చూడటానికి వట్టి చేతులతో పోరు. నీలికాగితం చుట్టిన చక్కెర దిమ్మ పట్టుకుపోతారు. జానెడున్నర పొడుగు, బండరాయంత గట్టి. ఆ సాయంత్రం దుకాణంలో దిమ్మలు నిండుకున్నాయి. దుకాణదారు మురిసిపోయి, వెంటనే సిగ్గుపడి, కంచరగాడిదను దిగువకు పంపాడు.

మొదట లహ్సెన్ వచ్చాడు. "నిచ్చెన కావాలి మోహా" అన్నాడు. చంకలో చక్కెర దిమ్మ ఉంది.

"నిచ్చెనకు చక్కెరెందుకు?"

"ఊరికే. దార్లో దుకాణముంది కదా."

కూర్చున్నాడు. వచ్చినవాడికి టీ ఇవ్వకపోతే ఇల్లు కాదు. వాడితో కలిసి తాగకపోతే మనిషి కాదు. మోహా కాశాడు. లహ్సెన్ చూపు ముఖం మీంచి తియ్యలేదు. మోహా గ్లాసు పెదవికి ఆనించి దించబోతే "తాగు తాగు, నీళ్ళయినా లోపలికి పోవాలి" అన్నాడు. తాగాడు. లహ్సెన్ లేచి, మోహా నుదుటి మీద ముద్దు పెట్టి, నిచ్చెన మరిచి వెళ్ళిపోయాడు.

బుధవారం కోడి కూసినప్పటి నుంచీ జనమే. ఒకడు గాడిదకు లాడం వేసేవాడెవరని అడగడానికి చక్కెర తెచ్చాడు. ఒకామె నువ్వుల గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, చక్కెర పెట్టి, గిన్నె పట్టుకుపోయింది. బెన్నాసర్ ఎప్పుడో తీసుకున్న కొమ్మలు నరికే రంపం తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "దీన్ని నీదని ఒప్పుకుంటున్నా. మనసులో ఏమీ పెట్టుకోకు" అన్నాడు.

"నాలుగేళ్ళుగా నీదేనని ఒట్టు వేశావు కదరా!"

"మనిషన్నాక ఎప్పుడేమవుతుందో తెలుసా మోహా? క్షమించానని ఒక్క మాటను."

మోహా క్షమించాడు. టీ కాశాడు. తాగాడు. ఇంత జనంలో వేలు గుచ్చుకోవడానికి చోటెక్కడిది? మీటరు పిండి కుండలోనే ఉండిపోయింది. వంటింటి మూల ఇత్తో దిమ్మలు పేరుస్తూ పోయింది. అవి గోడ పట్టి కిటికీ అంచు దాకా లేచాయి.

"వీళ్ళకు తెలిసిపోయిందే" అన్నాడు మోహా గుసగుసగా.

"తెలిస్తే షుగరున్నోడికి చక్కెర తెస్తారా? బుర్ర పెట్టి ఆలోచించు."

మోహా ఆలోచించాడు. నిజమే, తెలిసినవాడెవడూ తేడు. ఆ ధైర్యంతో ఇంకో గ్లాసు తాగాడు.

గురువారం జైద్ వచ్చాడు. అందరికంటే పెద్ద దిమ్మ తెచ్చాడు. తన పెళ్ళినాడు కట్టుకుని దాచుకున్న ఎర్ర దారం దానికి కట్టి మరీ తెచ్చాడు. అప్పటికి లహ్సెన్, బెన్నాసర్, ఇంకో అరడజను మంది పై గదిలో గోడల వెంట కూర్చుని ఉన్నారు. జైద్ బావ పక్కన చతికిలబడ్డాడు.

"బావా, నీ పుదీనా వారం నాటిదని ఊళ్ళో చెప్పింది నేనే."

"నాకు తెలుసులే."

"నీ కూజా వెండిది కాదు, తగరానికి మెరుగు పెట్టించావని చెప్పింది కూడా..."

"అది తెలియదు!"

"రేపు పళ్ళెం నీ ముందే ఉండాలి బావా. నేను పక్కన కూర్చుని గ్లాసులు తుడుస్తా. ఇంకేమీ అడగను."

జైద్ తిడితే మోహాకు భయం లేదు, అలవాటే. గ్లాసులు తుడుస్తానంటున్నాడంటే ఏదో పెద్ద ఎత్తే వేశాడు. కళ్ళు తిరుగుతున్నాయి, నోరు ఎండిపోతోంది. బొగ్గులు తెస్తానని లేచి మిద్దె ఎక్కాడు. ఫోను తీశాడు. టీ కూజా పైనే ఉంది.

"బిడ్డా, నీ నుంచి జవాబు లేదు, ఇక్కడ నా ప్రాణం పోతోంది. ఊళ్ళో వాళ్ళకు ఏం పుట్టిందో, తలా ఒక దిమ్మ పట్టుకుని మీద పడుతున్నారు. ఒక్కడూ లేవడు. షుగరు నన్ను చంపకముందే వీళ్ళు చంపేట్టున్నారు. జైద్ అయితే కొంగ చేపను చూసినట్టు నా కూజానే చూస్తున్నాడు. నేను చక్కెర ముట్టకూడదని వాడికి తెలిసిందా, రేపు పళ్ళెం లాక్కుంటాడు. నాలిక చివరన ఒక్క చుక్క వేసుకోవచ్చా? ఆ ఒక్క మాట చెప్పు."

జబ్బు పేరు నోరుజారినందుకు నాలిక కరుచుకున్నాడు. బొగ్గులు ఎత్తుకుని మెట్లు దిగుతుంటే గదిలో ఫోనులన్నీ టింగుమన్నాయి. తర్వాత ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. గొంతు ఎక్కడో విన్నట్టుంది. మరో రెండు మెట్లు దిగేసరికి అది తనదేనని తెలిసింది. "కొంగ చేపను చూసినట్టు" అంటోంది.

మోహా గుమ్మంలో నిలబడిపోయాడు. గదిలో అందరూ ఆయన్నే చూస్తున్నారు. లహ్సెన్ చేతిలో ఫోను "ఆ ఒక్క మాట చెప్పు" అని ముగించింది.

"అయితే నువ్వు చావట్లేదా?" అన్నాడు లహ్సెన్.

"నేనెందుకు చస్తా? ఎవడన్నాడు?"

"నువ్వే! మంగళవారం పొద్దున! మా అందరికీ!"

"మరి రంపం నేనెందుకు తిరిగిచ్చినట్టు?" అన్నాడు బెన్నాసర్.

జైద్ మెల్లిగా లేచాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి, కాని అవి వేరే పని మొదలుపెట్టాయి. "కొంగనా నేను? రెండ్రోజులుగా నీకోసం అన్నం మానేశా బావా! షుగరా నీకు? షుగరున్నోడు పళ్ళెం ముందు కూర్చోడమా? పళ్ళు లేనోడి చేతికి అక్రోటుకాయ ఇచ్చినట్టు! రుచి చూడనోడు టీ ఎట్లా కాస్తాడు? మీరే చెప్పండి."

కొందరు గడ్డాలు నిమురుకున్నారు. మా ఊళ్ళో అది సగం ఒప్పుకోలు. మోహా ఇన్నాళ్ళూ భయపడ్డది ఆ గడ్డాల చప్పుడికే. బొగ్గుల గమేళా దించి, గోడకు ఆనుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద ఆయాసం వినిపించింది. మోకాళ్ళు పట్టుకుని తూదా గదిలోకి వచ్చింది. చేతిలో సంచీ ఉంది.

"రామ్మా, మోహా కోసమేనా?" అన్నాడు లహ్సెన్.

"ఎవరికోసమో చెప్పకూడదు."

"షుగరు చూడటానికేగా?"

"దేనికోసమో కూడా చెప్పకూడదు."

"మాకందరికీ తెలుసమ్మా. ఆయనే చెప్పాడు."

"మీకు తెలియడం వేరు. నేను చెప్పడం వేరు." తూదా మోహా వైపు తిరిగింది. "పెద్దాయనా, రెండ్రోజులుగా నీ... మీ ఇంట్లో కోళ్ళు ఎట్లా ఉన్నాయో కబురే లేదు."

"రెండుసార్లు పంపాగా బిడ్డా!"

తూదా ఆయన ఫోను తీసుకుని చూసింది. ఒకదాని కింద ఒకటి రెండు టీ కూజాలున్నాయి. "ఇందులో నేనెవర్ని?" అంది. మోహా వేలు పెట్టి చూపించాడు. లహ్సెన్ తొంగిచూసి, "అది మా గొర్రెల లెక్క చూసుకునే గుంపమ్మా" అన్నాడు.

ముందు బెన్నాసర్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, జైద్ తప్ప. నవ్వీ నవ్వీ లహ్సెన్ చొక్కా చెయ్యి పైకి లాగి, "ఇంత కొండెక్కి వచ్చావు, ఆ సూదేదో నాకూ గుచ్చు" అన్నాడు. ఖర్చు లేని సూది ఎవరికి చేదు? అందరూ చేతులు చాపారు.

"ఇట్లా బజార్లో గుచ్చను" అంది తూదా. "ఒక్కొక్కరు ఆ లోపలి గదిలోకి రండి. తెర వేస్తా. వచ్చింది మీకొక్కరికే చెప్తా. ఇప్పుడే తియ్యటి టీ తాగారు, అందరికీ కాస్త ఎక్కువే చూపిస్తుంది. మరీ ఎక్కువుంటే రేపు పొద్దున పరగడుపున కిందికి రావాలి."

వరసగా వెళ్ళారు. వచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఒక్కరూ పెదవి విప్పలేదు. మోహా అలవాటు కొద్దీ గ్లాసులు నింపి అందరి ముందూ పెట్టాడు. లహ్సెన్ తాగాడు. బెన్నాసర్ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, ఎలుక పడ్డట్టు పక్కకు నెట్టాడు. ఇంకొకరు కూడా నెట్టారు. చివర జైద్ తెర ఎత్తుకుని బయటికి వచ్చాడు. అతను లోపల అందరికంటే ఎక్కువసేపు ఉన్నాడు. నింపిన గ్లాసు తన ముందుకు రాగానే దానిమీద అరచెయ్యి మూతపెట్టాడు. ఆవిరికి చెయ్యి కాలుతున్నా తియ్యలేదు.

తూదా గుట్టు బయట పెట్టలేదు. గ్లాసుల సంగతి ఉత్తర్వులో లేదు.

లహ్సెన్ జైద్ చేతిని చూశాడు. మోహాను చూశాడు. పెళ్ళి రేపు. "అయితే ఇప్పుడు టీ ఎవరు కాస్తారు?" అన్నాడు, దిక్కుతోచక.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న ఇత్తో లోపలికి వచ్చింది. "ఎవరు కాయడమేంటి? రంజాన్ నుంచి నిన్నమొన్నటి దాకా ఎవరు కాశారు? ఏ విందులోనూ ఈయన చుక్క నోట్లో పోసుకోలేదు. గ్లాసు పెదవికి ఆనించి తల ఊపడమే. నీ మనవరాలికి పేరు పెట్టినరోజు టీ ఎట్లా ఉంది బాబాయ్?"

"ఆ టీయా?" లహ్సెన్ కళ్ళు మూసుకున్నాడు. "అలాంటిది మళ్ళీ తాగలేదు."

"ఒరే జైదూ, నువ్వు?"

జైద్ నేల చూశాడు. ఆ రోజు కూజా ఖాళీ అయ్యాక మూత తీసి లోపలికి చూసినవాడు అతనే.

"రుచి చూడకుండా ఎట్లా?" అన్నాడు చివరికి, కూజాను చూస్తూ.

మోహా భుజాలు ఎగరేశాడు. "చెవి పెడితే తెలుస్తుంది. చక్కెర చాలకపోతే ధార నీళ్ళలా గలగలమంటుంది. సరిపోతే మెత్తగా పడుతుంది. పుదీనాకు ముక్కుంది. నాలికకు పనేముంది?" తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

గడ్డాల మీంచి చేతులు దిగాయి. లహ్సెన్ పళ్ళేన్ని రెండు చేతులతో జరిపి మోహా ముందు పెట్టాడు. మోహా దాన్ని కాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న చిన్న కూజా తీసి బావమరిది ముందుకు తోశాడు.

"చక్కెర లేని టీ కూడా ఒక కూజా కావాలి రేపు. ఎవరికో నేను చెప్పను, తూదా కొడుతుంది. అది నువ్వు కాయి జైదూ. వారం నాటి పుదీనా మాత్రం వెయ్యకు."

జైద్ కళ్ళు మళ్ళీ తడయ్యాయి. ఈసారి దేనికో అతనికే తెలిసినట్టు లేదు.

పెళ్ళిలో చిన్న కూజా పెద్దదానికంటే ముందు ఖాళీ అయింది. ఎవరెవరు గ్లాసు చాపారో తూదా చూసింది. చెప్పకూడదు కాబట్టి తల తిప్పుకుని పెళ్ళికూతుర్ని చూసింది. తన బొమ్మ మార్చి ఈసారి దానిమ్మకాయ పెట్టుకుంది. ఎవరి గుంపుకూ ఆ బొమ్మ లేదని ముందే అందరినీ అడిగి కనుక్కుంది.

శనివారం ఇత్తో వంటింట్లో నిలబడి కిటికీ దాకా లేచిన దిమ్మల్ని చూసింది. ఆ ఇంట్లో అవి చేసే మేలేమీ లేదు. అటు తమ్ముడికి జబ్బు చేసింది, వట్టి చేతులతో పోకూడదు. మొగుణ్ణి వెంటబెట్టుకుని, అన్నిట్లోకీ పెద్ద దిమ్మ చంకన పెట్టుకుని జైద్ ఇంటికి పోయింది. జైద్ దాన్ని అందుకున్నాడు. కట్టి ఉన్న ఎర్ర దారం చూశాడు. ఏమీ అనకుండా మర్యాదగా అటక మీద పెట్టాడు. ఆదివారం అతని పెళ్ళాం దాన్ని బెన్నాసర్ ఇంటికి పట్టుకుపోయింది.

ఆ దిమ్మ ఇప్పటికీ ఇమిన్‌తాలాలో తిరుగుతూనే ఉంది, నీలికాగితం మాత్రం రెండుసార్లు మార్చారు.